తాళం వేసిన ఊరు
(సెయింట్ కిల్డా దీవి కథ)

ఒక ఊరు ఎప్పుడు ముగిసిపోతుంది? వరద వచ్చి ఊడ్చుకుపోతే ముగిసిపోతుంది. ఆనకట్ట నీళ్లు ముంచితే ముగిసిపోతుంది. యుద్ధం వచ్చి కాల్చివేస్తే ముగిసిపోతుంది. అయితే ఏ వరదా రాకుండా, ఏ శత్రువూ తరమకుండా, ఊరివారే తమలో తాము మాట్లాడుకొని, ప్రభుత్వానికి అర్జీ వ్రాసి సంతకాలు చేసి, ఇళ్లకు తాళాలు వేసుకొని వెళ్లిపోయిన ఊరు ఒకటి ఉన్నది. రెండు వేల సంవత్సరాలకు పైగా మనుష్యులు కాపురమున్న ఆ ఊరిలో 1930 ఆగస్టు 29వ తేదీ ఉదయాన చివరి పొయ్యి ఆరిపోయింది.

ఆ దీవి పేరు సెయింట్ కిల్డా. పేరులో 'సెయింట్' అని ఉన్నది గాని కిల్డా అనే పరిశుద్ధుడు గాని, పరిశుద్ధురాలు గాని ఎన్నడూ లేరు. పాత పటాలు గీసినవారి పొరపాటు వలన ఆ పేరు స్థిరపడిందని పండితుల అభిప్రాయం. సంఘ చరిత్రలో లేని పరిశుద్ధుని పేరు మోసిన ఈ దీవిలో, సంఘమే ఊరికి ఊపిరిగా బ్రతికిన ప్రజలు ఉండేవారు. వారి కథ పల్లెల్లో బ్రతికే మనకు ఎంతో దగ్గరగా ఉంటుంది. అందుకే ఈ నెల అక్కడికి ప్రయాణమవుదాం.

సముద్రం నడుమ గోడలు

పటంలో బ్రిటన్ దేశాన్ని చూడండి. పైభాగాన స్కాట్లాండ్. దానికి పడమట హెబ్రిడీస్ అనే దీవుల వరుస. ఆ వరుస కూడా దాటి, అట్లాంటిక్ మహాసముద్రంలోకి ఇంకా నలభై మైళ్లు పడమటికి పోతే సెయింట్ కిల్డా వస్తుంది. నిజానికి అది ఒక్క దీవి కాదు, చిన్న దీవుల గుంపు. పెద్దది హిర్టా. ఊరు ఉన్నది దానిమీదనే. దాని ప్రక్కనే సోయ్, డూన్ అనే దీవులు. నాలుగు మైళ్ల దూరాన బోరెరే. బోరెరే చుట్టూ సముద్రంలోనుండి నిటారుగా లేచిన రాతి స్తంభాలు. వాటిలో స్టాక్ ఆన్ ఆర్మిన్ అనేది 640 అడుగుల ఎత్తు. బ్రిటన్‌లో సముద్రంలో నిలిచిన రాతి స్తంభాలలో అదే అన్నిటికంటె ఎత్తయినది.

దాదాపు ఆరు కోట్ల సంవత్సరాల క్రిందట ఇక్కడ ఒక పెద్ద అగ్నిపర్వతం ఉండేది. దాని అంచులో మిగిలిన ముక్కలే ఈ దీవులు. హిర్టా విస్తీర్ణం దాదాపు 1,650 ఎకరాలు. మన వైపు ఒక మోస్తరు గ్రామానికి ఉండే పొలమంత. కాని అందులో చాలా భాగం కొండ. కోనకెర్ అనే శిఖరం 1,400 అడుగులు. అవతలి ప్రక్కన అది ఒక్కసారిగా తెగి సముద్రంలోకి దిగిపోతుంది. ఆ దేశం మొత్తంమీద అంత ఎత్తయిన సముద్రపు కొండచరియ మరొకటి లేదు.

ఆగ్నేయ దిక్కున మాత్రం అర్ధచంద్రాకారంలో ఒక చిన్న కొలువు. చుట్టూ కొండ, ముందు సముద్రం, మధ్య కొంచెం సాగునేల. ఊరు అక్కడ వెలిసింది. దీవిలో చెట్టు అనేది లేదు. పుల్ల విరుచుకుందామన్నా దొరకదు. గాలివాన వచ్చిన రోజున అలల తుంపర కొండమీదుగా ఎగిరి వచ్చి చేలమీద పడి, ఉప్పుకు పైరు మాడిపోయేది. చలికాలమంతా పడవ రాకపోకలు నిలిచిపోయేవి. ఇంచుమించు ఎనిమిది నెలలు బయటి లోకం సంగతి వారికి తెలియదు, వారి సంగతి లోకానికి తెలియదు.

పక్షులే పంట

సముద్రం నడుమ బ్రతికేవారు చేపలు పట్టుకొని తింటారని మనం అనుకుంటాం. హిర్టావారు చేపలు పట్టేవారు గాని వాటిమీద ఆధారపడలేదు. ఆ సముద్రం అంత కఠినమైనది. వారి పంట పక్షులు. కొండచరియలమీద లక్షలాదిగా గూళ్లు పెట్టే గానెట్, ఫుల్మార్, పఫిన్ అనే సముద్రపు పక్షులే వారికి కూడు, దీపం, మందు, శిస్తు అన్నీను.

ఫుల్మార్ పక్షి కడుపులో నూనె ఉంటుంది. ఆ నూనెతో దీపం వెలిగించేవారు, నొప్పులకు రుద్దుకొనేవారు. ఈకలు మూటలు కట్టి దీవి యజమానికి శిస్తుగా చెల్లించేవారు. ఆ యజమాని స్కై దీవిలో కోట కట్టుకొని ఉండే మెక్లౌడ్ వంశపు దొర. ఏడాదికొకసారి ఆయన గుమాస్తా పడవమీద వచ్చి శిస్తు వసూలు చేసుకొని, వారికి కావలసిన ఉప్పు, విత్తనాలు వంటివి ఇచ్చి వెళ్లేవాడు. 1878 ప్రాంతం వరకు బ్రిటన్ మొత్తంమీద ఫుల్మార్ గూడు పెట్టిన చోటు ఈ దీవులు ఒక్కటే.

ఈ పక్షులను పట్టడం ఎలాగో ఊహించండి. నడుముకు తాడు కట్టుకొని, వట్టి కాళ్లతో, వందల అడుగుల కొండ అంచున దిగాలి. క్రింద అలలు. పైన తాడు పట్టుకొన్నవాడి చేతిలో ప్రాణం. అందుకే మంచి తాడు ఒక్కటి ఉంటే ఆ కుటుంబానికి అదే ఆస్తి. తండ్రి కొడుక్కి తాడును వారసత్వంగా ఇచ్చేవాడు. తరతరాలుగా కొండ ఎక్కడం వలన అక్కడి మగవారి చీలమండలు మామూలు మనుష్యులకంటె లావుగా ఉండేవని చూసినవారు వ్రాశారు.

పట్టిన పక్షులను నిలువ చేయడానికి వారు కట్టుకొన్న గాదెలను 'క్లీట్' అంటారు. మట్టి, సున్నం లేకుండా రాతిమీద రాయి పేర్చి, పైన గడ్డి పెళ్లలు కప్పిన చిన్న గుడిసె అది. రాళ్ల సందులలోనుండి గాలి దూరి లోపలి మాంసాన్ని ఎండబెడుతుంది, పైకప్పు వాననీటిని ఆపుతుంది. పక్షులు, గ్రుడ్లు, ఎండుగడ్డి, పొయ్యిలోకి గడ్డి పెళ్లలు అన్నీ అందులోనే. ఒక్క హిర్టా దీవిమీదనే ఇటువంటివి 1,200కు పైగా నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిని కట్టినవారు ఏ బడిలోనూ చదువుకొన్నవారు కారు.

ఊరి రచ్చబండ

1697లో మార్టిన్ మార్టిన్ అనే పెద్దమనిషి ఈ దీవికి వచ్చి, చూచినదంతా ఒక పుస్తకంగా వ్రాశాడు. అప్పుడు అక్కడ దాదాపు 180 మంది ఉన్నారు. వారికి డబ్బు వాడకం తెలియదు. దాని అవసరమూ లేదు.

తరువాతి కాలంలో వచ్చినవారందరినీ ఆకర్షించినది వారి ఉదయపు కూటము. ఆదివారం తప్ప ప్రతి ఉదయం మగవారంతా వీధిలో చేరేవారు. పైవారు దానికి నవ్వుతాలుగా 'పార్లమెంటు' అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే రచ్చబండ. దానికి అధ్యక్షుడు లేడు, నియమావళి లేదు. ఈ రోజు కొండకు పోవాలా, పొలానికి పోవాలా, పడవ బాగుచేయాలా అన్నది అక్కడే తేలేది. వాదోపవాదాలు గట్టిగానే జరిగేవి. ఒక్కోసారి మాటలతోనే పూట గడిచిపోయేది. 1886లో తీసిన ఆ కూటపు ఫొటో ఒకటి నేటికీ ఉన్నది. గడ్డాలు పెంచిన రైతులు, మడిచిన చేతులు, గోడకు ఆనుకొని నిలబడిన మనుష్యులు. టోపీలు తీసివేస్తే మన ఊరి చావడి దగ్గరి పెద్దలే అనిపిస్తారు.

ఆ కూటము చేసిన పనులన్నిటిలో ముఖ్యమైనది పంపకం. కొండచరియలను కుటుంబాలవారీగా పంచుకొనేవారు. బోరెరే నుండి పడవలో తెచ్చిన పక్షులను ఒడ్డున కుప్ప పోసి భాగాలు పెట్టేవారు. కొండ ఎక్కగలవాడికే భాగం అనే నియమం అక్కడ లేదు. ముసలివారికి, రోగులకు, విధవరాండ్రకు, తండ్రి లేని బిడ్డలకు భాగం ఉండేది. పడవ ఊరందరిది. అది పోతే అందరికీ పోయినట్లే.

దీనిని మంచితనమని మాత్రమే అనుకొంటే పొరపాటు. అది వారికి ప్రాణాధారం. ఈ రోజు తాడు పట్టుకొన్నవాడు రేపు జారిపడవచ్చు. అప్పుడు వాని భార్యాబిడ్డలకు దిక్కు ఈ కుప్పలోని భాగమే. ఇచ్చేవాడికీ పుచ్చుకొనేవాడికీ మధ్య ఉన్నది ఒక్క జారుడు రాయి మాత్రమే అని అక్కడ అందరికీ తెలుసు.

అయితే వారు దేవదూతలు కారు. భయాలూ మూఢనమ్మకాలూ వారికీ ఉండేవి. 1840 ప్రాంతంలో స్టాక్ ఆన్ ఆర్మిన్ మీద కొందరికి ఎగరలేని ఒక పెద్ద పక్షి దొరికింది. దానిని కట్టివేసి మూడు రోజులు ఉంచారు. ఇంతలో పెద్ద తుపాను లేచింది. ఇది పక్షి కాదు, తుపానును రప్పించిన మంత్రగత్తె అనుకొని కొట్టి చంపారు. అది 'గ్రేట్ ఆక్' అనే జాతి. బ్రిటన్‌లో కనబడిన ఆ జాతి పక్షులలో అదే చివరిది. కొద్ది సంవత్సరాలకే ఆ జాతి భూమిమీద లేకుండా పోయింది.

పడవతో వచ్చిన జబ్బులు

వంటరిగా బ్రతికే ఊరికి బయటి మనిషి రాక పండుగ. హిర్టావారికి అదే గండం కూడా. పడవ వచ్చి వెళ్లిన తరువాత ఊరు ఊరంతా జలుబు, దగ్గుతో మంచాన పడేవారు. దానికి వారు 'పడవ దగ్గు' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నారు. బయటి జబ్బులను తట్టుకొనే శక్తి వారి శరీరాలకు అలవడలేదు.

1727లో మశూచికం వచ్చింది. హారిస్ అనే దీవిలో ఆ రోగంతో చనిపోయిన హిర్టా మనిషి బట్టలను స్వగ్రామానికి తేవడం వలన అది ప్రవేశించిందని చెబుతారు. ఆ ఆగస్టులోనే ముగ్గురు మగవారిని, ఎనిమిది మంది పిల్లలను పక్షులు పట్టడానికి స్టాక్ ఆన్ ఆర్మిన్ మీద దింపి వచ్చారు. కొద్ది రోజులలో తిరిగి తీసుకురావాలి. పడవ రాలేదు. పడవ నడిపేటందుకు తగినంత మంది బ్రతికి లేరు. ఆ పదకొండు మంది చెట్టూ ఇల్లూ లేని రాతిమీద, పక్షి మాంసం తిని, వాననీళ్లు త్రాగి, మరుసటి సంవత్సరం మే నెల వరకు తొమ్మిది నెలలు గడిపారు. గుమాస్తా పడవ వచ్చి వారిని దింపుకొని తెచ్చేసరికి ఊరిలో చాలా ఇళ్లు ఖాళీ. రాతిమీద చిక్కుబడినందున బ్రతికినవారు వారు. దొర ఇతర దీవుల నుండి కుటుంబాలను తెచ్చి ఊరిని మరల నిలబెట్టవలసి వచ్చింది.

ఇంతకంటె నెమ్మదిగా ఊరిని తిన్న జబ్బు మరొకటి ఉన్నది. పుట్టిన బిడ్డ నాలుగైదు రోజులు చక్కగా పాలు త్రాగేది. ఆ తరువాత దవడలు బిగుసుకొని పాలు పట్టలేక, ఎనిమిదో రోజు ప్రాంతానికి చనిపోయేది. దానిని వారు 'ఎనిమిది రోజుల జబ్బు' అనేవారు. పంతొమ్మిదవ శతాబ్దంలో చాలాకాలం పుట్టిన బిడ్డలలో సగానికి పైగా ఇలా పోయారు. బిడ్డ ఆ గండం దాటేవరకు తల్లి బట్టలు కూడా కుట్టేది కాదట. అది పసిబిడ్డల ధనుర్వాతం. బొడ్డు కోసిన చోట మట్టిలోని, పేడలోని సూక్ష్మక్రిమి చేరడం వలన వచ్చేది. ఆ సంగతి తెలియని ప్రజలు దానిని దేవుని చిత్తమని సరిపెట్టుకొన్నారు.

ఇది మన పల్లెల తల్లులకు తెలియని జబ్బు కాదు. గర్భిణీ స్త్రీలకు ధనుర్వాతపు టీకా వేసి, శుభ్రమైన బ్లేడుతో బొడ్డు కోయడం నేర్పిన తరువాత 2015లో గాని మన దేశం దీనిని నిర్మూలించినట్లు ప్రకటించలేదు.

ముగ్గురు సేవకులు

సువార్తికుడు జాన్ మెక్డొనాల్డ్ గారు 1822లో మొదటిసారి ఈ దీవికి వచ్చి ప్రసంగించారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకు గుడి, పాదిరి బంగళా కట్టారు. 1830లో నీల్ మెకెంజీ గారు కాపురముండే పాదిరిగా వచ్చారు. అప్పటి ఇళ్లలో మనుష్యులూ పశువులూ ఒకే కప్పు క్రింద ఉండేవారు. చలికాలమంతా పేడ, బూడిద లోపలే పోగుపడేది. వేసవిలో దానిని పొలానికి ఎరువుగా తోలేవారు. మెకెంజీ గారు బైబిలు బోధించడంతోపాటు చదువు నేర్పారు, పొలాలను కుటుంబాలవారీగా విభజింపజేశారు, పాత ఇళ్లను విడిచి అర్ధచంద్రాకారపు వీధిగా కొత్త ఊరు కట్టుకొనేటట్లు ప్రోత్సహించారు. ఈనాడు మనం చూసే వీధి ఆకారం అప్పటిదే. 1860ల మొదట్లో దొర ఆ వరుసలోనే పదహారు కొత్త ఇళ్లు కట్టించాడు.

1865లో జాన్ మెకే గారు వచ్చారు. ఇరవై నాలుగేళ్లు ఉన్నారు. భక్తిలో కఠినులు. ఆదివారం మూడు ఆరాధనలు, ఒక్కొక్కటి రెండు మూడు గంటలు. ఆ రోజు బావి నీళ్లు తోడరాదు, పిల్లలు ఆడుకొనరాదు, గట్టిగా మాట్లాడరాదు. వారం మధ్యలో ప్రార్థన కూటములు. పనికి తగిన ఎండ ఉన్న రోజులు కూడా గుడిలో గడిచిపోయాయని, దానితో ఊరి ఉత్సాహం నీరుగారిందని ఆ కాలపు యాత్రికులు విమర్శించారు. గుడివల్లనే ఊరు పాడైందని తరువాత కొందరు పుస్తకాలలో వ్రాశారు. అది పూర్తిగా న్యాయం కాదు. చావు ఎప్పుడూ గుమ్మంలోనే నిలిచి ఉన్న ఆ ఊరికి ఆరాధన ఒక ఆదరణ. ప్రసంగం వినడానికి వారు బలవంతాన రాలేదు, ఇష్టపడి వచ్చారు. అయినా, కాపరి వేసిన బరువు మందకు మేత పెట్టిందా లేదా అని అడగడం తప్పు కాదు.

1889లో ఆంగస్ ఫిడ్స్ గారు వచ్చారు. తాను సమాధి చేస్తున్న పసిబిడ్డల చిన్న పెట్టెలను ఆయన సహించలేకపోయారు. ప్రధాన భూమికి వెళ్లి, గ్లాస్గో నగరంలో కాన్పు సమయంలో పాటించవలసిన శుభ్రతను, క్రిమినాశక మందుల వాడకాన్ని స్వయంగా నేర్చుకొని వచ్చారు. తరతరాల అలవాటును మార్చడం సులభం కాలేదు. పాదిరిగారు కాన్పు సంగతిలో తలదూర్చడమేమిటని మంత్రసానులకు అనిపించదా? ఆయన ఓర్పుతో నచ్చజెప్పారు. 1890లలో ఆ ఎనిమిది రోజుల జబ్బు దీవిని విడిచిపోయింది.

ముగ్గురూ ఒకే బల్ల వెనుక నిలబడి ఒకే వాక్యమును బోధించినవారు. ఫిడ్స్ గారి ప్రసంగాలు ఎవరికీ జ్ఞాపకం లేవు. ఆయన వలన బ్రతికిన బిడ్డలు పెరిగి పెద్దవారై పిల్లలను కన్నారు.

ఆ గుడి గంటకు మన దేశంతో ఒక సంబంధం ఉన్నది. కలకత్తా నుండి జనుపనార వేసుకొని స్కాట్లాండ్‌లోని డండీ పట్టణానికి పోతున్న 'జానెట్ కోవన్' అనే ఓడ 1864లో ఈ దీవి దగ్గర పగిలిపోయింది. దాని గంటనే గుడికి తెచ్చుకొన్నారు. అటు తరువాత ఆ గంటే ఊరిని ఆరాధనకు పిలిచింది.

చేతులు తగ్గిన ఊరు

1852లో 36 మంది మెరుగైన బ్రతుకు వెదకుకొంటూ ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కారు. అది ఊరి జనాభాలో మూడవ వంతు. దారిలో తట్టు వంటి రోగాలు సోకి దాదాపు సగం మంది చనిపోయారు. మిగిలిన ఊరు ఆ దెబ్బనుండి పూర్తిగా కోలుకోలేదు.

1870లలో వేసవి స్టీమర్లు మొదలయ్యాయి. పట్టణాల యాత్రికులు వచ్చి, వీరిని వింతగా చూసి, ఉన్ని బట్టలు, పక్షి గ్రుడ్లు కొనుక్కొని వెళ్లేవారు. డబ్బు చేతికి వచ్చింది. దానితోపాటు కొనుక్కొనే అలవాటు వచ్చింది. బొగ్గు, పిండి, టీ, చక్కెర బయటినుండి రావాలి. ఇంకొకవైపు కిరోసిను వచ్చి పక్షి నూనెకు గిరాకీ పోయింది. ఈకలను అడిగేవారు తగ్గారు.

కష్టకాలంలో కబురు పంపే దారి ఏది? 1877 జనవరిలో ఒక ఆస్ట్రియా ఓడ అక్కడ పగిలి, తొమ్మిది మంది నావికులు ఊరివారి ఇళ్లలో తలదాచుకొన్నారు. ఉన్న కొద్ది ధాన్యాన్నే వారికీ పెట్టారు. అప్పుడు దీవిలో ఉన్న జాన్ సాండ్స్ అనే పత్రికా రచయిత, ఓడ తాలూకు తేలుబిళ్లకు ఉత్తరం ఉన్న సీసా కట్టి సముద్రంలో వదిలాడు. తొమ్మిది రోజులలో అది ఆర్క్నీ దీవుల ఒడ్డుకు చేరింది, సహాయపు ఓడ వచ్చింది. అప్పటినుండి చిన్న కొయ్యను పడవలా తొలిచి, అందులో ఉత్తరం పెట్టి, గొర్రె తిత్తిని ఊది కట్టి అలలకు అప్పగించడం వారికి వాడుక అయింది. దానిని 'తపాలా పడవ' అన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళం వారు దీవిలో వైర్లెస్ కేంద్రం పెట్టారు. 1918 మే 15న జర్మనీ జలాంతర్గామి ఒకటి వచ్చి, ముందుగా హెచ్చరించి, ఊరిమీద గుండ్లు ప్రేల్చింది. గుడికి, ఇళ్లకు దెబ్బ తగిలింది. మనుష్యులెవరూ చావలేదు, ఒక గొర్రెపిల్ల చచ్చింది. అయితే యుద్ధం చేసిన అసలు మార్పు వేరు. నావికులున్న ఆ నాలుగేళ్లు ఉత్తరాలు, తిండి క్రమంగా వచ్చాయి. బయటి లోకం ఎలా ఉంటుందో యువకులకు తెలిసింది. నావికులు వెళ్లిపోయిన తరువాత మునుపటి ఒంటరితనం మరింత బరువైంది. ఒక్కొక్కరే ఊరు విడిచారు. 1920లో 73 మంది. 1926లో ఇన్‌ఫ్లుయెంజాకు నలుగురు మగవారు పోయారు. 1930 నాటికి మిగిలినవారు 36 మంది. పదముగ్గురు పురుషులు, పదిమంది స్త్రీలు, ఎనిమిది మంది ఆడపిల్లలు, ఐదుగురు మగపిల్లలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆరు వందల అడుగుల రాతి స్తంభం దగ్గర పడవను అలలలో నిలబెట్టడానికి కొందరు, పైకి ఎక్కడానికి కొందరు, తాడు పట్టడానికి కొందరు కావాలి. అందులో ఒక్కరు తగ్గినా పని తగ్గదు, ఆగిపోతుంది. పదిమందికి ఉన్న కష్టాన్ని ఐదుగురు పంచుకోవచ్చు గాని పదిమంది లాగవలసిన పడవను ఐదుగురు లాగలేరు. మశూచికం, తుపాను, శిస్తు చంపలేని ఊరిని చేతుల కొరత చంపింది.

1930 జనవరిలో ఒక యువతి జబ్బుపడింది. వాతావరణం అనుకూలించక ఆలస్యమై, చివరికి గ్లాస్గో ఆసుపత్రికి చేర్చారు. అక్కడ ఆమె మరణించింది. ఊరు ఇక తట్టుకోలేకపోయింది. దీవిలో పనిచేస్తున్న నర్సు విల్లమీనా బార్క్లే గారు వారితో ఓపికగా మాట్లాడారు. మిషనరీ డూగల్డ్ మన్రో గారు అర్జీ వ్రాయడానికి తోడ్పడ్డారు. 1930 మే 10వ తేదీన ఇరవై మంది దానిమీద సంతకం చేశారు.

ఆ అర్జీ సారాంశం ఇది: పని చేయగల మగవారు ప్రధాన భూమికి పోవడానికి నిశ్చయించుకొన్నారు. గొర్రెలను చూచేది, బట్ట నేసేది, విధవరాండ్ర మంచిచెడ్డలు చూచేది వారే. వారు పోతే మిగిలినవారు మరొక చలికాలం ఇక్కడ గడపలేరు. కాబట్టి అందరినీ తరలించండి. చివరగా ఇంకొక మాట ఉన్నది. తమ అందరినీ ఒకేచోట ఊరుగా నిలబెట్టమని తాము అడగడం లేదు అని.

ముగిసిపోయే ఘడియలో కూడా ఆ ఊరు తన పాత కుప్పను, అందులో విధవరాలి భాగాన్ని మరచిపోలేదు. వెళ్లగలవారు తమ దారి తాము చూసుకొని, వెళ్లలేనివారిని విడిచిపెట్టి ఉండవచ్చు. అలా చేయలేదు. పోతే అందరం పోదాం అన్నారు. ఎంతో కష్టమైన ఆ పంపకమే రచ్చబండ చేసిన చివరి పంపకం.

ఆ ఉదయం

ఆగస్టు చివరి వారంలో గొర్రెలను, పశువులను ముందుగా ఓడ ఎక్కించారు. కుక్కలను తీసుకుపోయే వీలు లేక సముద్రంలో ముంచివేశారు. కొండమీద తమతో తిరిగిన కుక్కల మెడకు రాయి కట్టవలసివచ్చిన చేతుల బాధ మనకు అర్థమవుతుంది.

29వ తేదీ తెల్లవారింది. ఆ రోజు సముద్రం ప్రశాంతంగా, ఎండ నిర్మలంగా ఉన్నదట. కుటుంబ ప్రార్థనలు ముగించారు. పొయ్యిలు చక్కగా కూర్చారు. ప్రతి ఇంటిలో ఒక బైబిలు తెరిచిపెట్టి, దాని దగ్గర చిన్న కుప్పగా ఓట్ల ధాన్యం పోశారు. ఒక ఇంటిలో బైబిలు నిర్గమకాండము దగ్గర తెరిచి ఉన్నదని చెబుతారు. తలుపులకు తాళాలు వేశారు. 'హేర్‌బెల్' అనే నౌకాదళపు ఓడ ఎక్కారు. దీవి కనుచూపు మేరలో ఉన్నంతసేపు నిబ్బరంగా ఉన్నారని, అది కనుమరుగైన తరువాత ఏడ్చారని ఆనాటి సంగతులు చెప్పినవారు అన్నారు.

వారిలో చాలామందిని మోర్వెర్న్ అనే ప్రాంతంలో దింపి, ప్రభుత్వ అడవుల శాఖలో పని ఇచ్చారు. జీవితంలో చెట్టు ఎరుగని మనుష్యులకు చెట్లు పెంచే ఉద్యోగం!

ఇప్పుడు అక్కడ

1931లో దొర దీవిని అమ్మివేశాడు. కొన్నవాడు పక్షుల ప్రేమికుడైన లార్డ్ డంఫ్రీస్. ఆయన వ్రాసిన వీలునామా ప్రకారం 1957లో అది స్కాట్లాండ్ నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. అదే సంవత్సరం సైన్యం వారు క్షిపణులను కనిపెట్టే రాడార్ కేంద్రాన్ని అక్కడ నెలకొల్పారు. కాబట్టి నేడు దీవిలో ఉద్యోగులు, ట్రస్టు సిబ్బంది, పరిశోధకులు కొందరు ఉంటారు గాని కాపురాలు లేవు. 1986లో ప్రకృతికిగాను, 2005లో మనుష్యుల చరిత్రకుగాను యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ రెండు గుర్తింపులూ కలిసి ఉన్న చోట్లు ప్రపంచంలో కొన్నే.

1932లో సోయ్ దీవి నుండి 107 గొర్రెలను తెచ్చి హిర్టాలో వదిలారు. కాపరి లేకుండా, మేత వేసేవారు లేకుండా అవి నేటికీ ఊరి వీధిలో, పాడుపడిన గోడల మధ్య మేస్తున్నాయి. అతి ప్రాచీనమైన జాతి అది. 1985 నుండి శాస్త్రజ్ఞులు ఒక్కొక్క గొర్రె పుట్టుక, చావు వ్రాసుకొంటూ వాటిని పరిశీలిస్తున్నారు.

ఒక చిన్న ప్రాణి సంగతి చెప్పాలి. దీవిలో రెండు రకాల ఎలుకలు ఉండేవి. ఒకటి పొలంలోది, ఒకటి ఇంటిది. మనుష్యులు వెళ్లిపోయిన తరువాత పొలపు ఎలుక బ్రతికింది. ఇంటి చిట్టెలుక మాత్రం కొద్దికాలంలోనే పూర్తిగా అంతరించింది. మనిషి వెచ్చదనంమీద, మనిషి రాల్చిన గింజమీద బ్రతికిన ప్రాణి అది. బైబిలు ప్రక్కన పోసిన గుప్పెడు ధాన్యం దానికి ఎన్నాళ్లు వస్తుంది?

ఎనిమిదేళ్ల వయస్సులో ఆ ఓడ ఎక్కిన రేచెల్ జాన్సన్ అనే ఆమె 2016లో, 93వ ఏట కన్నుమూసింది. సెయింట్ కిల్డాలో పుట్టినవారిలో ఆమె చివరిది. ఇప్పుడు ఆ వీధిలో కప్పులు లేని ఇళ్లలో, ఆ ఇంట చివరగా కాపురమున్నవారి పేరు వ్రాసిన రాతి పలక ఉంటుంది. వేసవిలో వచ్చే యాత్రికులు ఒక్కొక్క పేరూ చదువుకొంటూ వీధి చివరి వరకు నడుస్తారు. గుడిని బాగుచేసి ఉంచారు. గుడి ప్రక్కనే 1898లో కట్టిన బడి గది. ఊరి వెనుక గుండ్రని గోడ మధ్య శ్మశానం. అందులో ఎనిమిది రోజులు కూడా నిండని బిడ్డలు ఎందరో నిద్రిస్తున్నారు.

ప్రియ చదువరులారా, మన పల్లెల్లో కూడా తాళం పడిన ఇళ్లు పెరుగుతున్నాయి. పిల్లలు పట్టణాలకు, పరదేశాలకు పోతున్నారు. పోవద్దని చెప్పడం న్యాయం కాదు. హిర్టా యువకులదీ తప్పు కాదు. అయితే ఊరిలో మిగిలిన ముసలివారి, విధవరాండ్ర భాగం కుప్పలో ఉన్నదా లేదా అని చూచే బాధ్యత మిగిలిన చేతులది. వచ్చే ఆదివారం గుడినుండి ఇంటికి వెళ్లేటప్పుడు, మన సంఘంలో పిల్లలు దూరాన ఉండి ఒంటరిగా దీపం పెట్టుకొనే ఇల్లు ఏదో ఒకసారి చూచి, తలుపు తట్టి రండి.